కుడిపక్కన ఉండిపోయిన పాట

నా లాప్‌టాప్‌లో వీడియోలు చూపించే ప్లేయరుకు బటన్లు లేవు. తెరిస్తే ఒక నల్ల కిటికీ వస్తుంది, అంతే. ఆపాలన్నా, ముందుకు పోవాలన్నా, శబ్దం పెంచాలన్నా కీబోర్డు మీద అక్షరాలు నొక్కాలి. మౌసు కదిపితే అడుగున ఒక సన్నటి పట్టీ కనబడేది. అది కూడా ఎందుకులే అని నేనే తీసేశాను. ఏ అక్షరం నొక్కితే ఏం జరగాలో ఒక ఫైలులో వరుసకొకటిగా మనమే రాసి పెట్టుకోవాలి. ఎవరో పుణ్యాత్ములు దాన్ని తయారుచేసి, లోపలి రాతంతా లోకం ముందు పరిచి, కావలసినట్టు మార్చుకోండి అని వదిలేశారు. డబ్బు అడగరు, ప్రకటనలు చూపించరు. బదులుగా మన బుర్ర తింటారు.

ఇది బాగా తెలిసినవాళ్ళ కోసం అని దాన్ని పరిచయం చేసే పేజీలో రాసి ఉంది. ఆ ఒక్క మాటకే నేను పడిపోయాను.

నేను చిక్కబళ్ళాపురంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేస్తాను. ఇల్లు చింతామణిలో, రోజూ బస్సు ప్రయాణం. ల్యాబులో ఉన్న కంప్యూటర్లు ఎంత ముసలివంటే, మామూలు ప్లేయరు తెరిస్తే ఫ్యాను మోత వస్తుంది గానీ బొమ్మ రాదు. ఈ నల్లది మాత్రం నొక్కీ నొక్కకముందే ఆడుతుంది. అది చూసి మురిసిపోయి ల్యాబు అంతా అదే ఎక్కించాను. ఒకసారి మా ప్రిన్సిపాలుగారు పెద్ద తెర మీద వీడియో పెట్టి, దాన్ని ఎలా ఆపాలో తెలియక, చివరికి లాప్‌టాప్ మూత మూసి సభకు నమస్కారం పెట్టారు. నాకు జాలి కలగలేదు. స్పేస్ నొక్కితే ఆగుతుందని తెలుసుకోని మనిషికి ప్రిన్సిపాలు కుర్చీ ఎందుకు అనుకున్నాను. అప్పట్లో నా పొగరు అలా ఉండేది.

నా ఫైలులో రెండు వందల పైచిలుకు వరుసలు ఉన్నాయి. సగం నేను రాసినవి, సగం ఇంటర్నెట్టు ఫోరాల్లోంచి ఎత్తుకొచ్చినవి. కొన్ని ఎందుకు ఉన్నాయో నాకే గుర్తులేదు. అయినా తీయను. తీస్తే ఏం పగులుతుందో అని భయం. మా ఆయనకు చింతామణిలో విత్తనాల అంగడి ఉంది. ఆయన ఫోనులో ఉన్న ప్లేయరు పళ్ళ పేస్టు ప్రకటన చూపించకుండా ఏదీ మొదలుపెట్టదు. ఆయన దాన్ని హాయిగా చూస్తాడు. నేను దాన్ని చూసి ముక్కు మూసుకుంటాను. మాతోపాటు ఉండే మా అత్తకు మాత్రం నా ప్లేయరంటే గిట్టదు. "తెరిస్తే నల్లగుండాది. బటన్లు యాడ? బావిలోకి తొంగి చూసినట్ల ఉండాది" అంటుంది.

ఇలా ఉండగా బాగేపల్లి నుంచి మా అన్న ఫోను చేశాడు. అన్న అంటే మా పెద్దమ్మ కొడుకు. అమ్మా నాన్నల ఊళ్ళో హైస్కూలు లేకపోతే నన్ను బాగేపల్లిలో తన ఇంట్లో పెట్టుకుని చదివించింది ఆ పెద్దమ్మే. ఆమె పెళ్ళి పాటలకు పేరుమోసిన మనిషి. మంచి పాటలకు కాదు, తిట్ల పాటలకు. మా వైపు పెళ్ళిళ్ళలో బువ్వబంతి అని ఒకటి ఉంటుంది. కొత్త వియ్యాలవారిని వరుసగా కూర్చోబెట్టి, విస్తళ్ళు నిండా వడ్డించి, వాళ్ళు తింటూ ఉండగా ఎదురుగా నిలబడి ఆడపిల్ల తరఫు ఆడవాళ్ళు వాళ్ళను పాటలో ఎగతాళి చేస్తారు. తిన్నవాళ్ళు నవ్వి ఊరుకోవాలి. ఆ పని మీద పెద్దమ్మను నాగరగెరె నుంచి తొండేభావి దాకా పిలిచేవాళ్ళు. ఆమె ఏ పెళ్ళికి ఆ పెళ్ళికి కొత్త చరణాలు కట్టేది. పక్కవాళ్ళు పల్లవి అందుకునేవాళ్ళు, చరణాలు ఆమె ఒక్కతే పాడేది. ఆమెకు రాత రాదు. ఏదీ కాగితం మీద లేదు.

కిందటేడు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. ఊరంతటి వియ్యపురాళ్ళను కడిగి ఆరేసిన నోరు అలా మూతపడటం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపు కాదు, కోపం వస్తుంది. ఎవరి మీదో తెలియదు.

"పాప పెండ్లి పన్నెండు దినాల్లో ఉండాది గదమ్మా" అన్నాడు అన్న, తన కూతురి సంగతి. "అమ్మ ఊరుకోవడంల్యా. తన నోరు చూపించేది, పాప పక్క చూపించేది. బువ్వబంతిలో పాట యెవురు పాడతారని అడుగుతాండాది. ఊరికే యేదో పాటంటే తల అడ్డం ఊపుతాది. తనదే కావాలంట. అమ్మతో పాడినోళ్ళను అందరినీ అడిగినాను. పల్లవి తప్ప యెవురికీ యేమీ రాదు. నీ పెండ్లి క్యాసెట్టులో ఏమన్నా ఉండాదేమో చూస్తావా?"

నా పెళ్ళి వీడియో క్యాసెట్టు మీదినుంచి డిస్కులోకి, డిస్కులోంచి నా లాప్‌టాప్‌లోకి వచ్చి ఉంది. "నా ప్లేయరుతో కాని పని లేదన్నా, రెండు దినాల్లో తీసిస్తా" అని మాట ఇచ్చేశాను. ఇంట్లో ఆ పాట మాట ఎత్తకూడదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. ఎందుకంటే నా పెళ్ళిలో ఆ పాటకు విస్తరి ముందు కూర్చున్నది మా అత్త. అందరూ నవ్వి ఊరుకుంటే ఆమె మాత్రం ఎంగిలి చేత్తో బంతిలోంచి లేచి వెళ్ళిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా పెద్దమ్మ గడప తొక్కలేదు. పెద్దమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు కూడా రాలేదు. ఆ పాటలో అంతగా ఏమందో నాకు తెలియదు. పెళ్ళికూతుర్ని, తల వంచుకుని ఆకలితో చస్తూ ఉన్నాను.

ఆదివారం పొద్దున్నే కూర్చుని బువ్వబంతి దగ్గరికి వెళ్ళాను. పెద్దమ్మ నిలబడి ఉంది, చెయ్యి ఊపుతూ నోరు నిండా పాడుతోంది. వినబడుతున్నది మాత్రం ఒక సినిమా పాట. అప్పటి స్టూడియోవాళ్ళకు అదొక జబ్బు. పెళ్ళిలో మనుషులు ఏం మాట్లాడినా దాని మీద సినిమా పాట పోసేవాళ్ళు. నేను నా విద్యలన్నీ చూపించాను. వేగం సగానికి తగ్గించాను, ఆ నాలుగు నిమిషాలనే చుట్టూ చుట్టూ తిప్పాను, గొంతుల ఎత్తు ఉన్న శబ్దాన్ని ఉంచి మిగతాది కోసేశాను. సినిమా పాట సగం వేగంతో, ముక్కు మూసుకున్న గొంతుతో వినబడింది. ఫోరంలో అడిగాను. మాన్యువల్ చదివారా అని ఒకాయన అడిగాడు. ల్యాబులో పిల్లలను నేనూ రోజూ అదే అడుగుతాను కాబట్టి నోరు మూసుకున్నాను.

మంగళవారం అన్నకు ఫోను చేసి కాలేదని చెప్పాను. "అమ్మకు నేను చెప్పలేనమ్మా" అన్నాడు. "నీ ఫోను వచ్చిందంటే మంచం మీద లేచి కూర్చుంటాది. నువ్వే వచ్చి చెప్పు." ఆ రోజు బస్సులో నిలబడి ఇంటికి వస్తూ, బాగా తెలిసినదాన్ని అని ఎవరి ముందు ఎన్నిసార్లు అనుకున్నానో అన్నీ గుర్తుచేసుకున్నాను. అంత మంచి ప్రయాణమేమీ కాదు.

మరుసటి రోజు ఏదో సెలవు. మా ఆయన కాఫీ తాగుతూ "ఆ ఫైలు నా ఫోన్లోకి పంపు, మన పెండ్లి నేనూ చూస్తా" అన్నాడు. ఆయన జుట్టు అందులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు కాబట్టి, సరే పాపం అని పంపాను. నేను వంటింట్లో దోసె తిప్పుతున్నాను. పళ్ళ పేస్టు ప్రకటన అయింది. సినిమా పాట మొదలైంది. ఆ పాట అడుగున, బావిలోంచి వచ్చినట్టు, పెద్దమ్మ గొంతు.

అట్లకాడ చేతిలో పట్టుకునే పరుగెత్తాను.

"ఏంది? మీ పెద్దమ్మ గదా పాడతాండేది?" అన్నాడాయన. "నీ నల్లదాంట్లో రాదా ఇది?"

దోసె మాడింది. నేను లాప్‌టాప్ తెరిచి నా ఫైలును మొదటినుంచీ చదివాను. నూట నలభైయో వరుస దగ్గర దొరికింది. నాలుగేళ్ళ కిందట నా ఇయర్‌ఫోను తీగ బస్సు సీటు సందులో ఇరుక్కుని కుడివైపుది చచ్చిపోయింది. రెండు పక్కల శబ్దాన్నీ కలిపి ఒక చెవికి ఇచ్చే వరుస ఒకటి కావాలని ఫోరంలో వెతికి, దొరికినదాన్ని చదవకుండా అంటించాను. అది రెండూ కలపమని చెప్పే వరుస కాదు. ఎడమపక్కది మాత్రమే తీసుకుని కుడిపక్కది పారేయమని చెప్పే వరుస. తర్వాత కొత్త ఇయర్‌ఫోను కొన్నాను, వరుస అక్కడే ఉండిపోయింది. సినిమాల్లో మాటలు రెండు పక్కలా వస్తాయి కాబట్టి తేడా తెలియలేదు. నాలుగేళ్ళుగా నేను లోకాన్ని ఎడమచెవితో విన్నాను. బటన్లున్న ప్లేయరు వాడే ఏ అమాయకుడికీ ఈ గతి పట్టదు. ఇంత తప్పు చేయాలంటే బాగా తెలిసి ఉండాలి.

స్టూడియో అతను సినిమా పాటను ఎడమపక్కన ఎక్కించి, కుడిపక్కన కెమెరా పట్టిన అసలు శబ్దాన్ని చెరపకుండా వదిలేశాడు. బద్ధకమో, తెలియకో. అప్పటి మా టీవీకి శబ్దం తీగ పెట్టే రంధ్రం ఒకటే. తెల్ల తీగ అందులో పెడితే ఎర్ర తీగ వెనకాల వేలాడుతూ ఉండేది. పెద్దమ్మ పాట ఇన్నేళ్ళూ ఆ ఎర్ర తీగలో ఉంది.

ఆ వరుసలో ఎడమ అన్నచోట కుడి అని మార్చి మళ్ళీ తెరిచాను. సినిమా పాట మాయమైంది. విస్తళ్ళ చప్పుడు, ఎవరో తుమ్మడం, "ఇట్ల నీళ్ళు రానీప్పా" అని ఒక కేక, వాటన్నింటి మధ్య మా పెద్దమ్మ. పోయిన గొంతు. నేను ఏడ్చాను. మా ఆయన నా చేతిలోని అట్లకాడ మెల్లగా తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. ఆ ఒక్క పనికి ఆయన ప్లేయరును నేను క్షమించాను.

పల్లవి అందరికీ తెలిసినదే:

తిన్నావా వియ్యపురాలా, తీపి చాలునా
చాలకుంటే చెప్పవమ్మా, సంచి తెద్దునా

ఇక చరణాలు. వేగం తగ్గించి, రెండేసి మాటలు చుట్టూ తిప్పుతూ రాసుకున్నాను. ఇలాంటి పనికి ఈ నల్లదాన్ని మించింది లేదని ఇప్పటికీ అంటాను.

నంది కొండ ఎక్కి దిగి నడిచొస్తివే
కొండ దిగినా నీ ముక్కు దిగకపాయెనే

పట్టుచీర కట్టుకోని బండి దిగితివే
పలకరిస్తే పన్నడిగినట్ల బిగుసుకొంటివే

మా అత్త పుట్టిల్లు నంది. ముక్కు సంగతి నేనేమీ అనను. ఆమె ఇంట్లో ఉంటున్నాను.

మూడో చరణం దగ్గర కెమెరా పక్కనే ఎవరో సాంబారు బకెట్టు దించారు. ఆ మోతతో మొదలై, గరిటె చప్పుళ్ళు, "సారు యాడప్పా, సారు" అని చారు కోసం అరుపులు. చరణం మొత్తం కొట్టుకుపోయింది. పదిసార్లు తిప్పాను. ఇరవైసార్లు తిప్పాను. బకెట్టు ఎన్ని రకాలుగా మోగుతుందో తెలిసింది గానీ ఒక్క మాట దొరకలేదు.

తల ఎత్తితే గుమ్మంలో మా అత్త నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో తెలియదు. ఇక ఈ ఇంట్లో నాకు కాఫీ కూడా పుట్టదు అనుకున్నాను.

"శబ్దం పెంచు" అంది. వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చుంది. ముక్కు చరణం విని ముక్కు తడుముకుంది. పన్ను చరణం విని "ఆ పొద్దు నాకు తలనొప్పి" అంది. తర్వాత వేలితో తెర మీద పొడిచింది. "నా విస్తరి చూపించు. నిదానంగా. నేనెన్ని తినిందీ దాంట్లో ఉంటాది గదా."

"ఏమి ఎన్ని, అత్తా?"

"ఒబ్బట్లు. రెండే తినింది నేను. చూపించు."

ఈ ప్లేయరులో ఒక అక్షరం నొక్కితే బొమ్మ ఒక్కొక్కటిగా కదులుతుంది. అలా కదిపాను. అత్త విస్తట్లో ఒబ్బట్టు, అదే బొబ్బట్టు, పడింది, మాయమైంది. ఇంకొకటి పడింది, మాయమైంది. వడ్డించే ఆమె మూడోదాన్ని చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడు కెమెరా తిరిగి మా చిన్నమామగారి బట్టతల దగ్గర చాలాసేపు ఆగింది. తిరిగి వచ్చేసరికి విస్తరి ఖాళీ. అత్త బుగ్గ నిండుగా ఉంది.

"అది రెండోదే" అంది అత్త. "ఇంగా నమల్తాండా."

నేను నవ్వు ఆపుకుని, మూడో చరణం బకెట్టు పాలైందని, అది లేకపోతే పెద్దమ్మకు ఏం చెప్పాలో తెలియడం లేదని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె తెర వైపే చూస్తోంది. చూస్తూనే గొంతు విప్పి పాడింది. పెద్దమ్మ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడే తీసుకుంటూ, అదే ఎత్తులో.

ఒకటి చాలు చాలునంటా చెయ్యడ్డమెడితివే
చెయ్యి కింద సందు చూసి రెండు తింటివే

"మీకెట్ల వచ్చత్తా ఇది?"

"నన్ను తిట్టిన పాట నాకు గాక యెవురికి వస్తాది? ఇరవై ఆరేండ్లుగా నోట్లోనే ఉండాది."

రాసుకున్నాను. రెండు ఒబ్బట్లు తిన్నావంటే మనిషి బంతిలోంచి లేచిపోతుందా అని అనిపించింది గానీ అడగలేదు. దొరికిందే చాలు. నేను పాడి చూపించబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వొద్దు. నీ గొంతు బస్సు హారనున్నట్ల ఉండాది. నేనే వస్తా."

ఆదివారం మా ఆయన కారు తీశాడు. నేను ఎందుకైనా మంచిదని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాను. బాగేపల్లిలో అన్న మమ్మల్ని, మా వెనకాల దిగుతున్న అత్తను చూసి "రాండమ్మా, రాండి" అని నాలుగుసార్లు అన్నాడు.

పెద్దమ్మ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. గుమ్మంలో ఎవరా అని చూసి, కళ్ళు చిన్నవి చేసి, మళ్ళీ చూసింది. అత్త పలకరించలేదు. ఎలా ఉన్నావని అడగలేదు. మంచం ఎదురుగా, బంతిలో పాడేవాళ్ళు నిలబడినట్టు నిలబడింది. నేను లాప్‌టాప్ తెరిచి ఫైలు వెతుకుతున్నాను.

"మూయి దాన్ని" అంది నాతో.

పాడింది. పల్లవికి వంటింట్లోంచి అన్న భార్య, పెళ్ళికూతురు, పక్కింటివాళ్ళు వచ్చి అందుకున్నారు. ముక్కు చరణానికి పెద్దమ్మ పెదవి ఒక పక్క కదిలింది. పన్ను చరణానికి ఎడమచెయ్యి తాళం వేయడం మొదలుపెట్టింది. మూడో చరణం.

చెయ్యి కింద సందు చూసి రెండు తింటివే

పెద్దమ్మ ఎడమచేత్తో మంచాన్ని గట్టిగా చరిచింది. అందరూ ఆగిపోయారు. ఆమె తల అడ్డంగా ఊపి, అయిదు వేళ్ళూ విప్పి చూపించింది. మూసి, మళ్ళీ అయిదూ విప్పింది.

"రెండేమ్మా నేను తినింది" అంది అత్త.

అయిదు. మళ్ళీ అయిదు.

"నాలుగు అనుకో."

చెయ్యి దిగలేదు. అత్త చుట్టూ చూసింది. పెళ్ళికూతురు నోటికి పైట అడ్డం పెట్టుకుంది. మా ఆయన గోడ వైపు తిరిగాడు. అత్త గొంతు సవరించుకుని చరణం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.

ఒకటి చాలు చాలునంటా చెయ్యడ్డమెడితివే
చెయ్యి కింద సందు చూసి పది మింగితివే

పెద్దమ్మ నవ్వింది. సగం మొహంతోనే, శబ్దం లేకుండా, భుజాలు కదిలేలా నవ్వింది.

"మింగితిని" అంది అత్త. "పది మింగితిని. నువ్వు గదా చేసింది. అంత బాగుండె."

పెద్దమ్మ ఎడమచేత్తో దుప్పటి పక్కకు లాగి మంచం మీద ఆమెకు చోటు చేసింది.